వేరువేరు రకాల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను ఒకే పేజీలో చూపించడం: ముందు ఒకే అచ్చులో పోయండి, ఆ తర్వాతే వరస పెట్టండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: సైట్లు తమ కొత్త అంశాలను పంచడానికి వాడే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫీడ్లు, వాటిలో కొన్ని ఆర్‌ఎస్‌ఎస్ 2.0 రకం, కొన్ని ఆటమ్ రకం, వీటికి తోడు సొంత అవసరానికి తయారుచేసుకున్న ప్రకటనల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఒకటి. అన్నింటినీ కలిపి ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలో, కొత్తవి పైన ఉండేలా చూపించాలి. ఒకే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్‌లో (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వేరే రూపంలోకి మార్చే సూచనల ఫైలులో) చూజ్, వెన్ అనే షరతులు పెట్టి రాస్తే ఆటమ్ అంశాలు ఒక్కటీ రావడం లేదు. వచ్చినవాటి తేదీల వరస కూడా తప్పుతోంది.

ఆటమ్ రాకపోవడానికి కారణం నేమ్‌స్పేస్, అంటే ట్యాగుల పేర్లు ఏ పదజాలానివో చెప్పే చిరునామా. వరస తప్పడానికి కారణం తేదీ రాసే తీరు. ఈ రెండూ విడివిడిగా సరిచేసుకోవచ్చు. కానీ అసలు చిక్కు స్టైల్‌షీట్ కట్టుబడిలోనే ఉంది: ఫైలును అర్థం చేసుకునే పని, పేజీలో చూపే పని ఒకే చోట జరుగుతున్నాయి. నాలుగో రకం ఫైలు వచ్చిన రోజున ప్రతి వెన్‌నూ మళ్లీ తెరిచి కెలకాలి. ఆ రెండు పనులనూ విడదీయండి. మొదటి దశలో ఏ రకం ఫైలైనా ఒకే చిన్న అచ్చులోకి మారాలి. రెండో దశకు ఆ అచ్చు తప్ప ఇంకేమీ తెలియకూడదు. వరస పెట్టడం, ఒకే అంశం రెండుసార్లు వస్తే ఒకటి తీసేయడం, పేజీ కట్టడం అంతా రెండో దశలోనే.

అచ్చు ఇంత ఉంటే చాలు:

<అంశాలు>
  <అంశం రకం="ఆటమ్" గుర్తు="..." క్రమం="20240305093000">
    <శీర్షిక>...</శీర్షిక>
    <లంకె>...</లంకె>
    <సారాంశం>...</సారాంశం>
  </అంశం>
</అంశాలు>

ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 దీన్ని ఒప్పుకుంటుంది, టెంప్లేట్ల (ఏ ఎలిమెంట్‌ను ఎలా మార్చాలో చెప్పే ముక్కల) పేర్లు, మోడ్ (టెంప్లేట్ల గుంపు) పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: పొల్లు తర్వాత కనిపించకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్-జాయినర్ అక్షరం పేర్లలో వద్దు. ఎక్స్‌ఎమ్‌ఎల్ స్పెక్ నాలుగో ఎడిషన్ దాకా అది పేర్లలో నిషిద్ధం, ఐదో ఎడిషన్‌లోనే అనుమతించారు, పాత పార్సర్లు (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చదివే ప్రోగ్రాములు) అక్కడే ఆగిపోతాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సొంత ఎలిమెంట్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు మాత్రం స్పెక్‌లో ఉన్నట్టే టైపు చేయాలి. కింద వాటిని చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను.

అచ్చులో పేజీకి కావలసినవే ఉంచండి. ఒక రకానికి మాత్రమే ఉండే వివరాన్ని, ఉదాహరణకు మీ ప్రకటనల ఫైల్లోని గడువు తేదీని, అందరికీ ఉండే గడిగా మార్చకండి. అంశం చివర అదనం అనే ఎలిమెంట్ పెట్టి, అందులోకి కాపీ-ఆఫ్‌తో మూలాన్ని యథాతథంగా దించండి. చూపే దశలో ఆ ఒక్క రకానికి మాత్రం దాన్ని వాడుకోవచ్చు.

ఇక మొదటి దశ. ఒక్కో రకానికి ఒక్కో స్టైల్‌షీట్ ఫైలు రాయండి, అన్నింటిలోనూ టెంప్లేట్లు ఒకే మోడ్‌లో ఉండనివ్వండి, ఏకరూపం అని పేరు పెట్టారనుకుందాం. ప్రధాన స్టైల్‌షీట్ వీటిని ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0, 2.0లలో ఇంపోర్ట్‌లు స్టైల్‌షీట్‌లో అన్నింటికన్నా ముందు ఉండాలి, వేరియబుల్ కూడా వాటి పైన ఉండకూడదు. ఏ ఫైలు ఏ రకమో ఫైలు పేరు చూసి తేల్చకండి. రూట్ ఎలిమెంట్ పేరు, దాని నేమ్‌స్పేస్ కలిపి మ్యాచ్ చేస్తే అప్లై-టెంప్లేట్స్ తనే సరైన చోటికి పంపుతుంది, చూజ్ అవసరమే పడదు.

తెలియని రకం వస్తే పట్టుకోవడానికి, మిగతావేవీ సరిపోనప్పుడే పనిచేసేలా అన్నింటికన్నా అడుగున ఉండే టెంప్లేట్ కూడా ఒకటి కావాలి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మ్యాచ్ విలువగా స్లాష్, నక్షత్రం గుర్తు కలిపి రాస్తే, అంటే ఏ రూట్ ఎలిమెంట్ అయినా సరే అని రాస్తే, దాని డిఫాల్ట్ ప్రయారిటీ 0.5. ఉత్త ఎలిమెంట్ పేరుతో రాసిన టెంప్లేట్‌కు 0 మాత్రమే. కాబట్టి అడుగున ఉండాల్సింది పైకెక్కి కూర్చుని, అన్ని ఫైళ్లనూ తెలియని రకమనేస్తుంది. ఉత్త నక్షత్రం ఒక్కటే రాస్తే ప్రయారిటీ -0.5, అది సరిపోతుంది. అయినా ఇంకో గుంట మిగిలే ఉంది: ఆ టెంప్లేట్‌ను ప్రధాన స్టైల్‌షీట్‌లో రాస్తే, ఇంపోర్ట్ అయినవాటి ప్రయారిటీ ఎంతున్నా ప్రధాన ఫైల్లోదే గెలుస్తుంది, ఎందుకంటే ముందు చూసేది ఇంపోర్ట్ ప్రాధాన్యం, ఆ తర్వాతే ప్రయారిటీ. అందుకే దాన్ని విడి ఫైల్లో పెట్టి అన్నింటికన్నా ముందు ఇంపోర్ట్ చేయండి. తర్వాత ఇంపోర్ట్ అయ్యేవి దాన్ని మించుతాయి. అందులో మెసేజ్ ఎలిమెంట్‌తో రూట్ ఎలిమెంట్ పేరు, నేమ్‌స్పేస్ బయటికి రాయించండి. అసలు ఆ టెంప్లేటే లేకపోతే బిల్ట్-ఇన్ టెంప్లేట్లు పని అందుకుని, ఫైల్లోని టెక్స్ట్ మొత్తాన్నీ పేజీ మీద కుమ్మరిస్తాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 వాడుతుంటే మోడ్ డిక్లరేషన్‌లో ఆన్-నో-మ్యాచ్ విలువను ఫెయిల్ అని పెట్టుకోవచ్చు.

మీ ఆటమ్ అంశాలు రాకపోవడం గురించి. ఆటమ్ ఫీడ్‌లో ఎలిమెంట్లన్నీ డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌లో ఉంటాయి, ప్రిఫిక్స్ కంటికి కనబడదు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏ ఎలిమెంట్ కావాలో దారి చెప్పే భాష ఎక్స్‌పాత్. దాని 1.0లో ప్రిఫిక్స్ లేని పేరు అంటే ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని ఎలిమెంట్ అనే అర్థం. స్టైల్‌షీట్‌లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ప్రకటించినా ఎక్స్‌పాత్‌కు అది పట్టదు. కాబట్టి ఆటమ్ నేమ్‌స్పేస్‌కు ఒక ప్రిఫిక్స్ కట్టి, ప్రతి అడుగులోనూ ఆ ప్రిఫిక్స్ రాయాలి, ఫీడ్ కింద ఎంట్రీకి, దాని కింద టైటిల్‌కు కూడా. నేమ్‌స్పేస్‌ను ప్రాసెసర్ (స్టైల్‌షీట్‌ను నడిపే ప్రోగ్రాము) అక్షరానికక్షరం పోల్చి చూస్తుంది. ఆటమ్ చిరునామాలో 2005 తర్వాత వచ్చే ఆటమ్ మాట పెద్దక్షరంతో మొదలవుతుంది, చిన్నక్షరం పెడితే ఏ ఎర్రరూ రాకుండానే అన్నీ మాయమవుతాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ అనే యాట్రిబ్యూట్ ఉంది, ఆటమ్ మాడ్యూల్ ఫైల్లో మాత్రం దాన్ని వాడితే రాత తగ్గుతుంది. ఆర్‌ఎస్‌ఎస్ 2.0 ఎలిమెంట్లకు నేమ్‌స్పేస్ లేదు, కానీ అందులో పొదిగిన డబ్లిన్ కోర్, కంటెంట్ ఎలిమెంట్లకు ఉంది. లోకల్-నేమ్ పెట్టి నేమ్‌స్పేస్‌ను దాటేసే అలవాటు ఇక్కడే కొంప ముంచుతుంది: ఛానెల్‌లో ఆర్‌ఎస్‌ఎస్ లింక్‌తో పాటు ఆటమ్ లింక్ కూడా ఉండటం చాలా మామూలు, రెంటి లోకల్-నేమ్ ఒక్కటే.

తేదీల దగ్గర కాస్త నిలబడాలి, వరస అంతా దీనిమీదే ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ తేదీ వారం పేరుతో మొదలవుతుంది, తర్వాత రోజు, మూడక్షరాల నెల, సంవత్సరం, సమయం, టైమ్‌జోన్. దాన్ని టెక్స్ట్‌గా వరస పెడితే ఇంగ్లిషు వారాల పేర్ల అక్షరక్రమం వస్తుంది: అవరోహణలో బుధవారం నాటివన్నీ పైకి, శుక్రవారం నాటివన్నీ అడుక్కి. మీకు కనబడుతున్న గందరగోళం ఇదే. ఆటమ్ తేదీ సంవత్సరంతో మొదలవుతుంది కాబట్టి దాన్ని మార్చడం సులువు: మొదటి 19 అక్షరాలు సబ్‌స్ట్రింగ్‌తో తీసుకుని, ట్రాన్స్‌లేట్‌తో గీతలు, కోలన్లు, మధ్యలోని టీ అక్షరం తీసేస్తే 14 అంకెలు మిగులుతాయి. పైన క్రమం అనే యాట్రిబ్యూట్‌లో ఉన్నది అదే. అన్నీ 14 అంకెలే కాబట్టి టెక్స్ట్‌గా వరస పెట్టినా, నంబరుగా పెట్టినా ఫలితం ఒక్కటే. మిల్లీసెకన్లు కూడా చేర్చి 17 అంకెలు చేయకండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో నంబర్లు డబుల్ రకానివి, దాదాపు 16 అంకెలు దాటితే కచ్చితత్వం పోతుంది.

ఆర్‌ఎస్‌ఎస్ తేదీని 1.0లో విడగొట్టాలంటే ఇలా. ముందు నార్మలైజ్-స్పేస్. వారం పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అందుకే కామా ఉందో లేదో చూసి, ఉంటే దాని తర్వాతి భాగం తీసుకోండి. మొదటి ఖాళీ ముందున్నది రోజు, అది ఒక్క అంకె కూడా కావచ్చు కనుక ఫార్మాట్-నంబర్‌తో రెండంకెలు చేయాలి. నెలకు ఒక చక్కని ఉపాయం ఉంది. పన్నెండు నెలల మూడక్షరాల పేర్లను వరసగా గుచ్చి 36 అక్షరాల ఒకే స్ట్రింగ్ చేయండి. అందులో మీ నెల పేరుకు ముందున్న భాగాన్ని సబ్‌స్ట్రింగ్-బిఫోర్‌తో తీసి, దాని పొడవును 3తో భాగించి 1 కలపండి. మార్చికి ముందు 6 అక్షరాలు, 6ని 3తో భాగిస్తే 2, ఒకటి కలిపితే 3. దీనికో లోపం ఉంది: పేరు దొరక్కపోతే సబ్‌స్ట్రింగ్-బిఫోర్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది, లెక్క 1 అవుతుంది, తేదీ చప్పుడు లేకుండా జనవరి అయిపోతుంది. నెల పేరును అన్నీ పెద్దక్షరాల్లో రాసే ఫీడ్ ఒక్కటి చాలు. ముందు కంటెయిన్స్‌తో పరీక్షించి, లేకపోతే మెసేజ్ ఇవ్వండి. సంవత్సరం రెండంకెల్లోనూ రావచ్చు, స్పెక్ దాన్ని ఒప్పుకుంటుంది, పొడవు చూసి ముందు 20 చేర్చండి. సమయంలో సెకన్లు లేకపోతే 00 కలపండి.

టైమ్‌జోన్‌ను 1.0లో సర్దడం మంచి ఆలోచన కాదు. గంటలు కలిపితే రోజు మారుతుంది, రోజు మారితే నెల మారుతుంది, లీపు సంవత్సరం దాకా వెళ్తుంది. అలాగని వదిలేస్తే గంటల తేడాతో అంశాలు తారుమారవుతాయి. స్టైల్‌షీట్‌ను పిలిచే ప్రోగ్రాములోనే తేదీలు మార్చి ఇవ్వండి, లేదా 3.0 ప్రాసెసర్‌కు మారండి. ఎక్స్‌పాత్ 3.1లో పార్స్-ఐఈటీఎఫ్-డేట్ అనే ఫంక్షన్ ఈ ఆర్‌ఎస్‌ఎస్ తేదీల కోసమే ఉన్నట్టుంటుంది. దాని ఫలితాన్ని అడ్జస్ట్-డేట్‌టైమ్-టు-టైమ్‌జోన్‌తో సున్నా ఆఫ్‌సెట్‌కు తెచ్చి 14 అంకెలుగా రాస్తే పై పరిచ్ఛేదంలోని శ్రమ మొత్తం పోతుంది. నిజానికి ఈ ఒక్క కారణం చాలు, 1.0 వదిలేయమని నేను చెప్పడానికి.

తేదీయే లేని అంశాలు కూడా ఉంటాయి. ఆటమ్‌లో అప్‌డేటెడ్ తప్పనిసరి, ఆర్‌ఎస్‌ఎస్‌లో పబ్‌డేట్ ఐచ్ఛికం. క్రమం ఖాళీగా వదలకండి, 14 సున్నాలు రాయండి. అప్పుడు అవి అవరోహణలో కచ్చితంగా చివరికి వెళ్తాయి.

ఫైళ్లను తెచ్చుకోవడానికి ఒక పట్టిక ఫైలు పెట్టుకోండి: ఒక్కో వరసలో ఒక్కో ఫైలు చిరునామా యాట్రిబ్యూట్‌గా. దాన్నే ట్రాన్స్‌ఫర్మేషన్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చి, ఆ యాట్రిబ్యూట్లన్నింటినీ ఒకేసారి డాక్యుమెంట్ ఫంక్షన్‌కు అందిస్తే అన్ని డాక్యుమెంట్లూ ఒక నోడ్-సెట్‌గా వస్తాయి. ఇక్కడ సాపేక్ష చిరునామాల తిరకాసు తెలుసుకోవాలి. డాక్యుమెంట్ ఫంక్షన్‌కు నోడ్ ఇస్తే చిరునామాను ఆ నోడ్ ఉన్న ఫైలు నుంచి లెక్కిస్తుంది. స్ట్రింగ్ ఇస్తే స్టైల్‌షీట్ ఉన్న చోటు నుంచి లెక్కిస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన పిలుపులో ఫోల్డర్ పేరు చేర్చడానికి కాన్‌క్యాట్ వాడగానే ఫైళ్లు దొరకకుండా పోవడానికి కారణం ఇదే, కాన్‌క్యాట్ ఫలితం స్ట్రింగ్. రెండో ఆర్గ్యుమెంట్‌గా ప్రస్తుత నోడ్‌ను, అంటే ఒక చుక్కను ఇస్తే మళ్లీ పట్టిక ఫైలు నుంచే లెక్కిస్తుంది.

ఫైలు దొరక్కపోతే 1.0 స్పెక్ ప్రకారం ప్రాసెసర్ ఎర్రర్ ఇవ్వొచ్చు, లేదా ఖాళీ నోడ్-సెట్ ఇచ్చి ముందుకు పోవచ్చు. రెండోది జరిగితే ఒక ఫీడ్ మొత్తం పేజీలోంచి జారిపోయినా ఎవరికీ తెలియదు. 2.0లో డాక్-అవైలబుల్‌తో ముందే చూసుకోవచ్చు, 3.0లో ట్రై, క్యాచ్ ఉన్నాయి. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ కావాలంటే శాక్సన్ అనే ప్రాసెసర్‌లో కలెక్షన్ ఫంక్షన్‌కు ఫోల్డర్ చిరునామా ఇచ్చి, సెలెక్ట్ పారామీటర్‌తో ఫైళ్ల నమూనా, ఆన్-ఎర్రర్ పారామీటర్‌తో వార్నింగ్ అడగొచ్చు. ఒక్క చెడిపోయిన ఫైలు కోసం పని అంతా ఆగకుండా ఉంటుంది.

బయటి ఫీడ్లను స్టైల్‌షీట్‌లోంచి నేరుగా నెట్ ద్వారా తెప్పించకండి. వేరే ప్రోగ్రాముతో ముందే దించుకుని డిస్కు మీద పెట్టండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే కమాండ్-లైన్ ప్రాసెసర్ వాడేవారు నోనెట్ ఆప్షన్ పెట్టుకుంటే డీటీడీ, ఎంటిటీల పేరుతో నెట్‌కు పోవడం కూడా ఆగుతుంది. డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎస్‌ఎల్‌కంపైల్డ్‌ట్రాన్స్‌ఫార్మ్‌లో డాక్యుమెంట్ ఫంక్షన్ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, సెట్టింగుల్లో తెరవాలి.

అంశాలను అచ్చులోకి మార్చేటప్పుడు లంకెలు అక్కడికక్కడే పూర్తి చిరునామాలుగా మార్చేయండి. ఆటమ్‌లో లింక్ చిరునామా యాట్రిబ్యూట్‌లో ఉంటుంది, ఒక ఎంట్రీకి లింకులు చాలా ఉండొచ్చు. రెల్ లేనిది లేదా రెల్ విలువ ఆల్టర్నేట్ ఉన్నది మొదటిది తీసుకోండి. చిరునామా సాపేక్షంగా ఉంటే ఎక్స్‌ఎమ్‌ఎల్-బేస్‌ను బట్టి అర్థం మారుతుంది, అచ్చులోకి వచ్చాక ఆ ఆధారం పోతుంది. 2.0లో రిజాల్వ్-యూఆర్‌ఐ, బేస్-యూఆర్‌ఐ కలిపి వాడితే సరి.

సారాంశం ఇంకాస్త చిక్కు. ఆర్‌ఎస్‌ఎస్ డిస్క్రిప్షన్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ ఎస్కేప్ అయి ఉంటుంది, అంటే పార్సర్‌కు అది ఉత్త టెక్స్ట్. ఆటమ్‌లో టైప్ యాట్రిబ్యూట్ చూడాలి: టెక్స్ట్, హెచ్‌టీఎమ్‌ఎల్, ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ అని మూడు రకాలు, యాట్రిబ్యూట్ లేకపోతే టెక్స్ట్ అని అర్థం. ఎస్కేప్ అయినదాన్ని విప్పడానికి డిజేబుల్-అవుట్‌పుట్-ఎస్కేపింగ్ వాడమని సలహాలు కనిపిస్తాయి. వద్దు. ఆ సౌకర్యం ఉండాలని ప్రాసెసర్ మీద నిబంధన లేదు, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయదు, వేరియబుల్‌లో దాచిన ఎక్స్‌ఎమ్‌ఎల్ చెట్టులో నిలబడదు. అన్నిటికన్నా ముఖ్యం, బయటివాళ్లు రాసిన స్క్రిప్టు మీ పేజీలో నడుస్తుంది. జాబితా పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు కదా, ట్యాగులు తీసేసి టెక్స్ట్ మాత్రమే పెట్టండి. 2.0లో అయితే రీప్లేస్ ఫంక్షన్‌తో కోణాల బ్రాకెట్ల మధ్య ఉన్నదంతా ఖాళీతో మార్చడం ఒక్క వరస పని. ఫలితం మళ్లీ ఎస్కేప్ అయ్యే బయటికి వెళ్తుంది కాబట్టి ఏదైనా ట్యాగు ముక్క మిగిలినా ప్రమాదం లేదు. 1.0లో తనను తాను పిలుచుకునే టెంప్లేట్ రాయాల్సి వస్తుంది. పొడవాటి వ్యాసాలకు పిలుపుల లోతు పెరిగిపోతుంది, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే ప్రాసెసర్ లైబ్రరీ డిఫాల్ట్‌గా 3000 దగ్గర ఆపేస్తుంది, అందుకే ముందే మొదటి వెయ్యి అక్షరాలకు కత్తిరించి ఇవ్వండి.

ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ రకం కంటెంట్‌ను నమ్మదగిన మూలం నుంచి యథాతథంగా చూపాలనుకుంటే, కాపీ-ఆఫ్ చాలదు. ఆ ఎలిమెంట్లు ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ నేమ్‌స్పేస్‌లో ఉంటాయి. 1.0 హెచ్‌టీఎమ్‌ఎల్ అవుట్‌పుట్ పద్ధతి నేమ్‌స్పేస్ లేనివాటినే హెచ్‌టీఎమ్‌ఎల్‌గా గుర్తిస్తుంది. ఒక చిన్న టెంప్లేట్‌తో ప్రతి ఎలిమెంట్‌నూ లోకల్-నేమ్ పేరుతో నేమ్‌స్పేస్ లేకుండా కొత్తగా సృష్టించి, యాట్రిబ్యూట్లు దించండి.

రెండు దశలను కలపడం ఎలా అన్నది మీ ప్రాసెసర్ వెర్షన్‌ను బట్టి. 1.0లో వేరియబుల్‌లో కట్టిన చెట్టు రిజల్ట్ ట్రీ ఫ్రాగ్మెంట్ అవుతుంది, దానిమీద ఎక్స్‌పాత్ నడవదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఎక్స్‌టెన్షన్ల సముదాయమైన ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టీలోని నోడ్-సెట్ ఫంక్షన్‌తో దాన్ని మామూలు నోడ్-సెట్‌గా మార్చాలి. మార్చాక లోపలికి వెళ్తే స్లాష్ అంటే ఆ తాత్కాలిక చెట్టు రూట్, మీ పట్టిక ఫైలు కాదు. అది మళ్లీ కావాలంటే ముందే ఒక వేరియబుల్‌లో పట్టి ఉంచుకోండి. 2.0 నుంచి ఈ నిషేధం లేదు. కాకపోతే వేరియబుల్‌కు యాజ్ యాట్రిబ్యూట్‌తో ఎలిమెంట్ల వరస అని రకం ఇస్తే, అవి డాక్యుమెంట్ నోడ్ లేని విడి ఎలిమెంట్లవుతాయి, వాటి లోపల స్లాష్‌తో మొదలయ్యే పాత్ ఎర్రర్ ఇస్తుంది. యాజ్ లేకుండా వదిలేస్తే డాక్యుమెంట్ నోడ్ దానంతటదే వస్తుంది.

నా మాట అడిగితే మొదట్లో ఈ రెంటినీ ఒక స్టైల్‌షీట్‌లో ఇరికించకండి. మొదటి దశ ఫలితాన్ని ఒక ఫైల్లో రాసి, రెండో దశను దానిమీద విడిగా నడపండి. తప్పు ఎక్కడుందో మధ్య ఫైలు తెరిస్తే కనిపిస్తుంది: క్రమం తప్పుగా ఉంటే మొదటి దశ, క్రమం సరిగా ఉండి పేజీ తప్పితే రెండో దశ.

రెండో దశలో అన్నీ ఒకే డాక్యుమెంట్‌లో ఉండటం వల్ల కీ ఫంక్షన్ కూడా మామూలుగా పనిచేస్తుంది. 1.0లో అది ప్రస్తుత నోడ్ ఉన్న డాక్యుమెంట్‌లో మాత్రమే వెతుకుతుంది. మూల ఫైళ్ల మీద నేరుగా వాడితే రెండు ఫీడ్లలో వచ్చిన ఒకే అంశాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. గుర్తు యాట్రిబ్యూట్‌లో ఆర్‌ఎస్‌ఎస్ గైడ్, ఆటమ్ ఐడీ పెట్టండి, అవి లేనిచోట లంకె పెట్టండి. దానిమీద 1.0లో కీ ఫంక్షన్‌తో గుంపులు కట్టే మ్యూంచియన్ పద్ధతి, 2.0లో ఫర్-ఈచ్-గ్రూప్ వాడండి.

3.0లో మెర్జ్ ఎలిమెంట్ ఉంది. ఒక్కో మూలానికి సొంత కీ ఎక్స్‌ప్రెషన్ ఇవ్వొచ్చు కనుక తేదీ తీరు వేరైనా కలపగలదు. అయితే ప్రతి మూలమూ ముందే వరసలో ఉండాలి, లేదంటే సార్ట్-బిఫోర్-మెర్జ్ పెట్టాలి. పెద్దపెద్ద లాగ్ ఫైళ్లకు అది సరైన పనిముట్టు, మీ ఫీడ్లకు అంత అవసరం లేదు.

ఇదంతా ఎక్కడ నడపాలి? బ్రౌజర్‌లో వద్దు. బ్రౌజర్లకు తెలిసింది 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 మాత్రమే, వేరే సైటు ఫైళ్లను డాక్యుమెంట్ ఫంక్షన్‌తో తెరవనివ్వవు. పైగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని బ్రౌజర్‌లోంచి తీసేసే ఉద్దేశాన్ని క్రోమ్ బృందం 2025లో ప్రకటించింది. సర్వర్ మీద నిర్ణీత వ్యవధిలో నడిపి, తయారైన హెచ్‌టీఎమ్‌ఎల్ పెట్టండి. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మీద నడిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్, పీహెచ్‌పీ, పైథాన్ ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అన్నీ 1.0కే పరిమితం. 3.0 కావాలంటే శాక్సన్ హోమ్ ఎడిషన్ ఉచితం.

మీ పాత స్టైల్‌షీట్ పారేయక్కర్లేదు. ప్రతి వెన్ లోపల ఉన్న ఎక్స్‌పాత్‌లను ఆ రకం మాడ్యూల్లోకి తరలించండి, డివ్‌లు, స్పాన్‌లు ఉన్న భాగాన్ని ఒక్కసారే రెండో దశలో రాయండి. తర్వాత మొదటి దశ చివర రెండు లెక్కలు మెసేజ్‌గా రాయించండి: మూల ఫైళ్లలో ఉన్న ఐటెమ్, ఎంట్రీ, ప్రకటనల మొత్తం ఒకటి, అచ్చులోకి వచ్చిన అంశాల సంఖ్య ఒకటి. రెండూ సమానం కాకపోతే ఏ ఫైలు దగ్గర తేడా వచ్చిందో ఫైలువారీగా అదే లెక్క రాయించి చూడండి. ఒక ఫీడ్‌కు సున్నా వస్తే ముందు నేమ్‌స్పేస్ చూడండి, అది సరిగా ఉంటే చిరునామా.